మెలకువగా ఉన్న మంగళవారం

"ఎడం చెయ్యి ఒకటే గదా ఎత్తొద్దని చెప్పినేది. కుడి చెయ్యి ఉండాది గదా" అంది కెంచమ్మ, వసారాలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ.

ధనలక్ష్మి ఉతికిన దుప్పటి పట్టుకుని దండెం కింద నిలబడి ఉంది. తడి దుప్పటిని ఒంటి చేత్తో దండెం మీద వేయడం ఎలా ఉంటుందో చెప్పినవాళ్ళు ఒకసారి చేసి చూడాలి. సగం దండెం మీద పడితే సగం మట్టిలో పడుతుంది. మట్టిలో పడింది మళ్ళీ ఉతకాలి. ఆ లెక్క ఆమె వేయలేదు, ఆమె ఒళ్ళు వేసింది. ఎడమ చెయ్యి దానంతట అదే లేచి దుప్పటి అంచు పట్టుకుంది. భుజం కింద, లోపల ఎక్కడో, దారం ఒకటి జరిగినట్టు అనిపించింది. అత్త కెంచమ్మకు చెప్పలేదు. చెప్పుకోవడానికి అదేమంత నొప్పి కాదు. పెద్ద నొప్పి అయితేనే చెప్పాలని తనకు ఎవరు నేర్పారో ఆమెకు గుర్తు లేదు.

బెంగళూరులో ఆపరేషన్ చేసి మూడు వారాలు కాలేదు. ఎడమ భుజం కింద చర్మం లోపల అగ్గిపెట్టెంత యంత్రం పెట్టారు. దాని నుంచి ఒక వైరు గుండెలోకి వెళ్ళింది. గుండె తాళం తప్పి చచ్చిపోయేలా పరుగు తీసినప్పుడు ఆ యంత్రం లోపలే షాక్ కొట్టి దాన్ని దారిలో పెడుతుంది. వైరు గుండె గోడకు అతుక్కునే దాకా, అంటే నెలన్నర, చెయ్యి భుజం పైకి ఎత్తకూడదు, బరువు మోయకూడదు అని డాక్టరమ్మ చెప్పింది. పక్కన నిలబడిన భర్త నారప్ప తల ఊపాడు. ఇంటికి వచ్చిన రెండో రోజే, పలకరించడానికి వచ్చిన వాళ్ళ ముందు, "ఇంక ఈయమ్మకి భయమేంది? పడినా మిషనే కొట్టి లేపుతాది. ఆ భరోసా నాకు గూడా లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ధనలక్ష్మి కూడా నవ్వింది, ఎందుకంటే ఆయన దాన్ని ప్రేమగానే అన్నాడు. ఆ సాయంత్రం నుంచి ఆమె సంగటి కెలుకుతోంది.

జాకెట్టు అంచు సరిగ్గా కుట్ల మీదే ఒరుసుకుంటుంది. ఆ యంత్రాన్ని తయారు చేసినవాళ్ళకు జాకెట్టు గుర్తు రాలేదేమో అనుకుంది మొదట్లో. తర్వాత తమ్ముడు గుర్తొచ్చాడు.

పుట్టింట్లో, అరసికెరెలో ఉన్న తమ్ముడు నందీష్‌కు మూడేళ్ళ కిందటే ఇదే యంత్రం పెట్టారు. క్రికెట్ ఆడుతూ పడిపోయాడు. పడిన పొద్దు చీకటి పడేలోపే బెంగళూరు చేర్చారు. ఆపరేషన్ అయ్యాక అతను రెండు నెలలు చొక్కా లేకుండా, దిండ్లకు ఆనుకుని మంచం మీద ఉన్నాడు. భార్య గంగాదేవి అతనికి తల దువ్వింది. తండ్రి చిన్నరంగప్ప, జన్మలో లోటా కడగని మనిషి, కొడుకు నోటికి నీళ్ళు అందించాడు. ధనలక్ష్మి సాయం చేయడానికి వెళ్ళి ఒక నెల అక్కడే ఉంది. తమ్ముడి ఎడమ చేతికి కాపలా కాసిన వాళ్ళలో తానూ ఒకతె. నిద్రలో ఆ చెయ్యి కదిలితే తానే మెల్లగా కిందికి దించేది.

ఇది వంశంలో వచ్చే జబ్బు, రక్తసంబంధీకులు అందరూ పరీక్ష చేయించుకోవాలని అప్పుడు డాక్టర్లు చెప్పారు. చిన్నాయన కొడుకులు, నందీష్ చిన్న కొడుకు, అందరూ ఒక కారు మాట్లాడుకుని వెళ్ళారు. దారిలో తినడానికి ధనలక్ష్మే చిత్రాన్నం కట్టిచ్చింది. "నేనూ వస్తాను నాయనా" అని నోటిదాకా వచ్చిన మాటను, వంటింటి గడప దాటకముందే, తండ్రి తుంచేశాడు. "నువ్వు ఇచ్చేసిన పిల్లవి. నీకు చూపియ్యల్లంటే మీ ఇంటోళ్ళు చూపిస్తారులే." కారులో చోటు లేదన్నంత మామూలుగా అన్నాడు. ఆమె కూడా అంత మామూలుగానే విన్నది.

అప్పటికి ఆమె ఎన్నిసార్లు పడిపోయిందో. తమ్ముడు పడినదీ తాను పడుతున్నదీ ఒకటేనని ఆమెకు ఒక్కసారి కూడా తోచలేదు. తోచదు. తమ్ముడికి వచ్చింది జబ్బు. తన మీదికి వచ్చింది అమ్మవారు.

మొదటిసారి సెనక్కాయ చేలో వచ్చింది. చెట్టు పీకి, మట్టి దులిపి, నడుం ఎత్తేసరికి ఎదుట ఉన్న గుట్ట నల్లబడింది. కళ్ళు తెరిచేసరికి ముఖానికి పసుపు, చేతిలో నిమ్మకాయ, తల దగ్గర వేపమండలు. కూలికి వచ్చిన ఆడవాళ్ళు చుట్టూ మోకాళ్ళ మీద ఉన్నారు. కెంచమ్మ కన్నీళ్ళతో, "మా అత్త మీదికి వచ్చే తల్లి. ఇన్నేండ్లకి మల్లా మా ఇంటికి వచ్చింది" అంటోంది. తన మీదికి రానందుకు కెంచమ్మ ఎంత బాధపడిందో ఆ మాటలోనే తెలిసిపోయింది. నారప్ప కాస్త దూరంగా, చెప్పులు విప్పి నిలబడి ఉన్నాడు.

ఆ రోజు ధనలక్ష్మిని ఎవరూ ఏ పనీ అడగలేదు. చాప వేసి పడుకోబెట్టారు. పాలు కాచి ఇచ్చారు, ఎవరు కాచారో కూడా ఆమెకు తెలియదు. ఆ చాప మీద పడుకుని, ఒంట్లో సత్తువ లేక, ఆమె ఒక విచిత్రమైన సుఖం అనుభవించింది. దానికి పేరు లేదు. పెళ్ళయ్యాక మొదటిసారి ఈ ఇంట్లో తన బరువు తాను మోయకుండా ఉంది, అంతే. నిజంగా అమ్మవారేనా అని తనను తాను అడగలేదు. అడిగితే చాప తీసేస్తారు. ఆలోచన అంత బాహాటంగా కూడా రాలేదు. అది వచ్చే దారికి ముందే అడ్డంగా ఏదో పడుకుని ఉండేది.

తర్వాత రెండు మూడు నెలలకొకసారి వచ్చేది. మంగళవారాలు ఊరివాళ్ళు వచ్చి నట్టింట్లో కూర్చునేవాళ్ళు, ఒకవేళ వస్తుందేమోనని. వచ్చినప్పుడు ప్రశ్నలు అడిగేవాళ్ళు. ఆమె తల ఎటు వాలితే అటు, నోరు ఎలా వంకర పోతే అలా, కెంచమ్మ అర్థం చెప్పేది. సోలారు వాళ్ళకు భూమి లీజుకు ఇవ్వాలా వద్దా అని ఊరంతా తర్జనభర్జన పడిన ఏడు, నారప్ప కూడా ఆ ప్రశ్నే అడిగాడట. ఆమె తల ముందుకు వాలిందట. "ఒప్పుకునింది తల్లి" అన్నారు. కళ్ళు తెరిచేసరికి తన సెనక్కాయ చేను పోయింది. తమ ఊరు రాయచెర్లులో ఇప్పుడు ఆ గుట్ట దాకా సోలారు పలకలే, ఆకాశం వైపు ముఖం పెట్టి. నారప్ప పొద్దుగూకితే బైకు మీద పావగడకు పోయి బస్టాండు దగ్గర కాఫీ తాగి వస్తాడు. చేను లేని ఇంట్లో ఆయనకు పని తగ్గింది. ఆమెకు ఎందుకో తగ్గలేదు.

చివరికి ఆమెను పట్టుకున్నది గంగాదేవి. ఈ ఎండాకాలం అరసికెరెకు వెళ్ళినప్పుడు ధనలక్ష్మి వాళ్ళ పెరట్లోనే పడిపోయింది. గంగాదేవి పసుపు కోసం పరిగెత్తలేదు, కారు కోసం పరిగెత్తింది. ఆసుపత్రిలో ఆమెకు తెలివి వచ్చాక, "అమ్మా లేదు, అయ్యా లేదు వదినా. మా ఇంటాయన ఎట్ల పడినాడో అట్లనే పడినావు. నేను ఒకసారి చూసినాను, నాకు తెలీదా?" అంది.

నారప్ప బెంగళూరు వచ్చి, డాక్టరమ్మ చెప్పిందంతా విని, సంతకం పెట్టాడు. "పిల్లలకూ ఉండొచ్చు, అమ్మాయిని తీసుకురండి" అని ఆమె చెప్పినప్పుడు మాత్రం, "చూస్తాం మేడం" అన్నాడు. తర్వాత భార్య మంచం దగ్గరికి వచ్చి ఆమెతో అన్నాడు. "పదిహేడేండ్ల పిల్లకి గుండె పరీక్షలు చేయించినామని ఊర్లో తెలిస్తే, రేపు ఎవురు వస్తారే ఇంటి గడప తొక్కి?"

ఆమె అప్పుడు మత్తులో ఉంది. మత్తులో లేకపోయినా ఏమనేదో ఆమెకే తెలియదు.

కెంచమ్మకు ఆసుపత్రి మాట నమ్మకం కుదరలేదు. గుండె వేరు, తల్లి వేరు. అయితే ఒక సంగతి మాత్రం ఆమెకు స్పష్టంగా అర్థమైంది. "ఇనుము పెట్టుకున్న ఒంట్లోకి తల్లి దిగదు. పోగొట్టుకుంటివి." ఈ మాట ఎన్ని రకాలుగా అనవచ్చో అన్ని రకాలుగా అంది. ధనలక్ష్మికి ఆశ్చర్యం కలిగించినది ఆ మాట కాదు, అది తనను బాధపెట్టడం. చావు తప్పించుకుని వచ్చిన మనిషి, చావును ఎవరో దేవత అనుకున్నారని, ఆ దేవత వెళ్ళిపోయిందని దిగులుపడటం ఏమిటి? కానీ దిగులుగానే ఉంది. ఆ చాప, ఆ పాలు, కాస్త దూరంలో విప్పిన చెప్పులు. జబ్బు పేరు చెప్పి వాటిలో ఒక్కటి కూడా ఎవరూ ఇవ్వలేదు.

దుప్పటి ఆరేసిన మూడో రోజు, పావగడ బస్టాండులో కూతురు సింధుశ్రీ పడిపోయింది. కాలేజీ వదిలాక కదులుతున్న బస్సు వెంట పరిగెత్తిందట. స్నేహితురాళ్ళు నీళ్ళు చల్లి ఆటోలో తెచ్చారు. పిల్ల ముఖం తెల్లగా, సిగ్గుపడుతున్నట్టు ఉంది. "ఏం లేదుమా, పొద్దున తినలేదు గదా, అందుకే" అంది.

ధనలక్ష్మి పిల్లను పట్టుకుని వసారాలో కూర్చోబెట్టింది. అత్త వైపు చూసింది. కెంచమ్మ ముఖం వెలిగిపోతోంది.

"చూస్తివా" అంది కెంచమ్మ కొడుకుతో. "యాడికీ పోలేదు తల్లి. ఈమె ఒంట్లో ఇనుము చూసి పిల్ల మీదికి పోయింది."

ఆ వారమంతా ధనలక్ష్మి భర్తతో మాట్లాడటానికి చూసింది. ఆయన కాఫీ తాగుతున్నప్పుడు, బైకు తుడుస్తున్నప్పుడు. "సింధుని బెంగళూరుకి పిల్చుకోని పోదాం. డాక్టరమ్మ చెప్పింది గదా."

"మంగళారం కానీ. అమ్మ ఏం చెప్తాదో చూద్దాం."

"అమ్మ యాడ ఉండాదండీ? అది జబ్బు. నాకుండేదే."

"నీకు జబ్బు. దానికేంది, సిన్నపిల్ల. ఆడపిల్ల మీదికి తల్లి వచ్చిందంటే నలుగురూ మొక్కుతారు. జబ్బుందంటే ఎవురు మొక్కుతారే?"

ఆయన దుర్మార్గుడు కాదు. కూతురికి ఉన్న రెండు పేర్లలో గౌరవంగా ఉన్నదాన్ని ఎంచుకుంటున్నాడు. తాను కూడా ఇన్నేళ్ళూ అదే చేసింది గదా అని ధనలక్ష్మి అనుకుంది. తానొక్కతే పిల్లను బస్సెక్కించుకుని పోదామని ఒక పొద్దున చీర మార్చుకుంది కూడా. సింధుశ్రీ రానంది. "ఊర్లో అందరూ ఎట్ల చూస్తాండారో తెలుసామా నన్ను? నిన్న సుంకమ్మత్త నా కాళ్ళకి మొక్కింది" అంది, నవ్వు ఆపుకుంటూ. ఆ నవ్వు ఆమెకు తెలుసు. చాప మీద పడుకున్నప్పుడు తనకూ లోపల అలాంటిదే ఉండేది.

మంగళవారం నట్టిల్లు నిండింది. సింధుశ్రీకి పసుపు చీర కట్టి పీట మీద కూర్చోబెట్టారు. కెంచమ్మ సాంబ్రాణి వేసింది. పిల్ల మీదికి తల్లిని రప్పించాలని పలక డప్పులు వాయించే ఇద్దరిని పిలిచారు. ధనలక్ష్మి వంటింటి వాకిట్లో నిలబడి ఆ చప్పుడుకు పిల్ల భుజాలు ఉలిక్కిపడటం చూసింది. ఆ గుండెను ఆ చప్పుడు ఏం చేస్తుందో ఈ ఇంట్లో తనకొక్కదానికే తెలుసు. వాయించడం ఆపమని చెప్పడానికి ఒక అడుగు ముందుకు వేసింది.

అప్పుడు లోపలి నుంచి ఎవరో గుండె మీద తన్నారు.

దాన్ని ఇంకోలా చెప్పలేము. కళ్ళ ముందు తెల్లటి మెరుపు, దవడలు కొట్టుకోవడం, నేల. ఏదో అరిచింది, అది తన గొంతేనని తర్వాత తెలిసింది. మిషను కొట్టింది. కానీ చీకటి రాలేదు. చీకటి కోసం ఆమె ఎదురుచూసింది, అలవాటుగా. అది రాలేదు. ఇంటి దూలం కనిపిస్తోంది, దూలానికి వేలాడుతున్న ఉట్టి కనిపిస్తోంది.

పలకలు ఆగిపోయాయి. "వచ్చింది" అన్నారెవరో. "ఇనుమున్నా వచ్చిందే తల్లి."

చేతిలో నిమ్మకాయ పెట్టారు. చల్లగా ఉంది. ముఖానికి పసుపు రాసిన చెయ్యి అత్తది. ఆ చెయ్యి ఇంత మెత్తగా ఉంటుందని ఆమెకు తెలియదు. తర్వాత నారప్ప వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కర్పూరం పళ్ళెం పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చూడని ముఖం అది. తన వైపు, జాగ్రత్తగా, ఏం చెబుతుందోనని చూస్తున్న ముఖం. ఇది ఎన్నిసార్లు జరిగిందో. ప్రతిసారీ ఆయన ఇలాగే చూసి ఉంటాడు. ప్రతిసారీ తాను లేదు.

"ఏం కావల్ల తల్లీ?" అన్నాడు నారప్ప. "ఏం చెయ్యమంటావు? పిల్లని ఒప్పుకుంటివా?"

నేను ధనలక్ష్మిని అని చెప్పాలనిపించింది. ఆ మాట నాలుక మీద ఉంది. కానీ ఆ మాట అన్న క్షణం ఆ ముఖం మూసుకుపోతుందని కూడా తెలుసు. పీట మీద పసుపు చీరలో పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూస్తోంది. ధనలక్ష్మి తన నిజాన్ని మింగేసింది. దాని అవసరం తర్వాత చూసుకోవచ్చు.

"పిల్లని పీట మీద నుంచి లేపు" అంది. గొంతు మార్చలేదు, మార్చడం చేతకాలేదు. "దాన్ని నేను ఒప్పుకోను. వాళ్ళ మామని యాడ చూపించినారో ఆడికి పిల్చుకోని పో. ఇయ్యాలే. ఈ ఒళ్ళు గూడా పిల్చుకోని పో."

కెంచమ్మ వంగి కోడలి కళ్ళలోకి చూసింది. ఎన్నో ఏళ్ళు, కోడలు పడినప్పుడల్లా, తేలేసిన ఆ తెల్లగుడ్లు చూసిన మనిషి. ఇవి తెల్లగుడ్లు కావు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, వంటింట్లో ఏ రోజూ చూసుకోనంత సేపు. ముసలామె చేతికంటిన పసుపును కొంగుకు తుడుచుకుంది. తర్వాత తల తిప్పి, "విన్నారు గదా. తల్లి చెప్పింది. కారు పిలవండి" అంది.

దారంతా నారప్ప డ్రైవర్ పక్కన కూర్చుని, గంటకోసారి వెనక్కి తిరిగి చూశాడు. ఒకచోట కారు ఆపించి టెంకాయనీళ్ళు తెచ్చి, రెండు చేతులతో ఇచ్చాడు. ధనలక్ష్మి తాగింది. అవి తీయగా ఉన్నాయి, అదే ఆమెకు ఏడుపు తెప్పించింది.

ఆసుపత్రిలో యంత్రం మీద చిన్న పరికరం ఆనించి, తెర మీద గీతలు చూశారు. డాక్టరమ్మది నెల్లూరు వైపు, తెలుగులోనే మాట్లాడుతుంది. "గుండె బాగానే కొట్టుకుంటోంది. వైరు జరిగింది, అందుకే మిషను తప్పుగా చదివి ఊరికే షాక్ కొట్టింది. చెయ్యి ఎత్తావా అమ్మా?" అంది.

"మేం పెద్ద పనులేం చెప్పలేదు మేడం" అన్నాడు నారప్ప. "ఇంట్లో పనే."

డాక్టరమ్మ తెర మీది నుంచి తల తిప్పి ఆయన్ను చూసింది. "వీళ్ళ తమ్ముడి వైరు మూడేళ్ళుగా కదల్లేదు. ఆడవాళ్ళలో ఈ తంటాలు ఎక్కువే చూస్తాం మేము. వచ్చేదే ఆలస్యంగా వస్తారు. నరాలు సన్నగా ఉంటాయి, అదొక కారణం. మిగతా కారణాలు ఇంట్లో ఉంటాయి" అంది. మళ్ళీ ఆపరేషన్ చేసి వైరు సరిచేయాలి, ఇవాళే చేరాలి అని చెప్పింది. తర్వాత సింధుశ్రీ గుండె గీతల కాగితం తీసింది. అమ్మదీ కూతురిదీ పక్కపక్కన పెడితే చదువు రాని వాళ్ళకు కూడా తెలిసిపోయేలా ఉన్నాయి. రోజూ మాత్ర వేసుకోవాలి, ఒక్కపూట కూడా మానకూడదు, పరిగెత్తకూడదు, ఆరు నెలలకోసారి రావాలి.

"సమయానికి తెచ్చారు" అంది.

"మాదేముంది మేడం, తల్లి చెప్పింది, తెచ్చినాం" అన్నాడు నారప్ప, కళ్ళు తుడుచుకుంటూ. "ఇంక తల్లే చూసుకుంటాది. మాత్రలు ఎంతకాలం మింగల్లనేది గూడా ఆమెనే అడిగి చేస్తాం."

ధనలక్ష్మి మంచం మీద లేచి కూర్చుంది. టెంకాయనీళ్ళ తీపి ఇంకా నోట్లో ఉంది. ఇంకొక్క రెండు రోజులు ఊరుకుంటే ఆయన అలాగే చూస్తాడు. ఊరుకోవడం తనకు బాగా వచ్చిన పని.

"చెప్పింది నేను" అంది. "తల్లి కాదు. నాకు తెలివి ఉండింది అప్పుడు. మీరు కర్పూరం పెట్టింది, చేతులు జోడించింది, అంతా చూస్తాంటి."

నారప్ప ముఖంలో ముందు ఏమీ మారలేదు. తర్వాత నెమ్మదిగా, ఆమె భయపడినట్టే, ఆ జాగ్రత్త అంతా వెళ్ళిపోయింది. "అయితే ఇన్నేండ్లూ నాటకమేనా?" అన్నాడు.

"ఇన్నేండ్లూ కాదు. ఈ పొద్దు ఒకటే. అంతకు ముందంతా మీరు మాట్లాడింది సగం చచ్చినదానితో." ఊపిరి తీసుకుంది. "పిల్ల మాత్రలు ఎవుర్నీ అడిగేది లేదు. నేను చెప్తాను, అది మింగుతాది. ఆపరేషన్ అయినాక మేమిద్దరమూ ఇంటికి రాము. వైరు అతుక్కునే దాకా అరసికెరెలో గంగాదేవి దగ్గర ఉంటాం."

సింధుశ్రీ తల్లి మంచం అంచున వచ్చి కూర్చుంది. పసుపు చీర కుచ్చిళ్ళు చేతిలో పోగు చేసుకుంది. డాక్టరమ్మ కాగితాల మీద తల వంచుకుని రాస్తున్నట్టు ఉంది, కానీ కలం కదలడం లేదు.

నారప్ప పిల్ల వైపు, భార్య వైపు చూశాడు.

"అంతవరకూ ఇంట్లో పని ఎవురు చేస్తారే?" అన్నాడు.

మెలకువగా ఉన్నప్పుడు ఆయన ఆమెను సలహా అడిగింది అదే మొదటిసారి. ఆమె పిల్ల మాత్రల చీటీ కోసం డాక్టరమ్మ వైపు కుడి చెయ్యి చాచింది.